తుడిచేసిన గీతలు

"నా గీతలేవి?"

ప్రభుదాస్ అరవలేదు. అరిచి ఉంటే సుగుణకు ఇంత భయం వేసేది కాదు. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో లేత్ మిషన్ల హోరు మధ్య బతికిన మనిషి ఆయన. ఉప్పు అందుకోమన్నా వీధి చివరిదాకా వినపడుతుంది. అలాంటివాడు శనివారం పొద్దున్నే వాకిట్లో, బానెట్ ఎత్తిన పాత మారుతి కారు ముందు నిలబడి, గొంతు తగ్గించి అడిగాడు.

వంటింట్లో పాలు కాస్తున్న సుగుణ వెనక్కి తిరగలేదు.

"ఏం గీతలండీ?" అంది.

ఎంత అమాయకంగా అడిగిందో! ఆ గీతలు ఏమయ్యాయో ఈ భూమ్మీద అందరికంటే బాగా తెలిసింది ఆవిడకే.

"సుద్దముక్కతోని గీసిన గీతలు. పైచక్రం మీద ఒకటి, కిందిచక్రం మీద ఒకటి. వాటికి ఎదురుగ ఇంజన్ మీద చెరొకటి. గురువారం పాత బెల్టు ఇప్పకముందే గీసిపెట్టుకున్న. ఇప్పుడు చూస్తే అంత తళతళ మెరుస్తున్నది. ఒక్క గీత లేదు. ఎవరు తుడిచిండ్రు?"

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. సుగుణ గిన్నె దించింది.

"నేనే తుడిచిన బిడ్డా," అని వరండాలోంచి ఒక సన్నటి గొంతు పలికింది.

ప్రభుదాస్ తల తిప్పి చూశాడు. మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్న బుచ్చమ్మ, ఎనభై ఏళ్ల తల్లి, పెద్ద బైబిలు ఒళ్లో పెట్టుకుని కొడుకు మొహంలోకి సూటిగా చూస్తోంది.

"నువ్వా?"

"ఆఁ. మురికి చూడలేక తుడిచిన."

"నిన్ను మంచంమీంచి కుర్చీలకు తేవాలంటే ఇద్దరం పట్టాలె గదనే అమ్మా! నువ్వు లేచి, మూడు మెట్లు దిగి, కారు దాక పోయి, తుడిచి, మల్లొచ్చి పండుకున్నవా?"

"దేవుడు శక్తి ఇచ్చిండు."

"ఇంజన్ తుడవనీకి ఇచ్చిండా?"

"ఎందుకిచ్చిండో ఆయన్నే అడుగు పో."

సుగుణకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఈ అత్తగారు పెళ్లయిన కొత్తల్లో తనను ఎన్ని మాటలనేది! కోస్తా పిల్లకు కూరలో కారం తప్ప ఏం తెలుసు అనేది. ఆవిడే ఇవాళ కోడలి కోసం పండగ ముందు పచ్చి అబద్ధం ఆడుతోంది. ఇక దాచడం సుగుణ వల్ల కాలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చింది.

"అత్తయ్యా, మీరు ఊరుకోండి. నేనే తుడిచానండీ. నిన్న సాయంత్రం, మీరు పడుకున్నప్పుడు."

ఇందులో ఆవిడ తప్పెంతో వినేవాళ్లే చెప్పాలి. బుచ్చమ్మ పెట్టిన పద్ధతి ఒకటి ఈ ఇంట్లో నలభై ఏళ్లుగా నడుస్తోంది. గుడ్ ఫ్రైడే నాడు ఎవరూ ఇనుప పనిముట్టు ముట్టకూడదు. ప్రభువుకు మేకులు కొట్టిన రోజున మన చేతుల్లో సుత్తి ఏమిటి అంటుంది ఆవిడ. కూరగాయలు కూడా గురువారం రాత్రే తరిగి పెట్టుకుంటారు. గురువారం సాయంత్రం బెల్టు ఊడదీసి, కొత్తది ఎక్కించబోతూ ఉండగానే ప్రభుదాస్‌ను చర్చికి రమ్మని కబురొచ్చింది. తెల్లవారితే శుక్రవారం. పానాలన్నీ గోనెసంచిలో కట్టి, కారును అలాగే విప్పిన పొట్టతో వదిలేశాడు.

శుక్రవారం మూడు గంటల ఆరాధన అయ్యి ఇంటికి వచ్చాక, సుగుణ ఆ ఇంజన్ వంక చూసింది. పదమూడేళ్ల జిడ్డు. గురువారం తానన్న మాట గుర్తొచ్చింది. "ఒక మెకానిక్‌ను పిలిస్తే మీ పరువు పోతుందా?" అంది ఆ రోజు, ఆయన రెండు ముద్దలు తిని లేచిపోయాడు. దూదీ స్పిరిటూ ఇనుము కాదు కదా అనుకుంది. ఇరవై నాలుగేళ్లుగా ఆపరేషన్ థియేటర్లో కత్తెరలు, పట్టకార్లు తుడిచి అమర్చిన చెయ్యి అది. డాక్టరు వచ్చేసరికి ట్రే ఎలా ఉండాలో, శనివారం ఆయన లేచేసరికి ఇంజన్ అలా ఉండాలని మోకాళ్ల మీద కూర్చుని గంటన్నర తుడిచింది. సుద్ద గీతలు కూడా ఆవిడ కంటికి మురికే అయ్యాయి.

"తుడిస్తే తుడిచినవ్," అన్నాడు ప్రభుదాస్ మెల్లగా. "చక్రాలు తిప్పలేదు గద?"

సుగుణ కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"సుగుణా."

"చుట్టూ తుడవాలంటే తిప్పొద్దాండీ? పైదాన్ని తిప్పాను. కిందిది గట్టిగా ఉంటే రెండు చేతులా పట్టుకుని తిప్పాను. కాస్తే కదిలింది."

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు.

బెల్టు అంటే ఏదో రబ్బరు పట్టీ కాదు. ఇంజన్‌లో పైచక్రాన్నీ కిందిచక్రాన్నీ కలిపి తిప్పే పళ్ల బెల్టు అది. రెండు చక్రాలూ ఒక్క పన్ను తేడా లేకుండా ఒకదానికొకటి సరిగ్గా నిలబడాలి. తేడా వస్తే బండి కదలదు. కదిలిందా, లోపల ఇనుముకు ఇనుము తగిలి ఇంజనే పోవచ్చు. ప్రభుదాస్ లేత్ పనివాడే గానీ కార్ల మెకానిక్ కాదు. ఎట్లా విప్పానో అట్లా బిగిస్తానన్న ఒక్క ధైర్యంతో దిగాడు. ఆ ధైర్యమంతా నాలుగు సుద్దగీతల్లో ఉంది.

మెకానిక్ ఓదెలు సిద్దిపేటలో చెల్లెలి పెళ్లికి పోయాడు, సోమవారం దాకా రాడు. బెల్టు చీలికలు పడింది, ఏ రోజైనా తెగుతుంది, పెద్దమ్మను దీంట్లో ఎక్కించొద్దు అని పోతూ పోతూ చెప్పిపోయింది వాడే.

ఎక్కించకుండా ఎలా? తెల్లారితే ఈస్టర్. ఖాజాగూడ గుట్ట మీద, సూర్యుడు రాకముందే ఆరాధన. అక్కడ చర్చి ఉపదేశిగా ఉన్న రోజుల్లో బుచ్చమ్మ భర్త పదకొండుమందితో మొదలుపెట్టిన ఆరాధన అది. తుంటి ఎముక విరిగి ఆవిడ రెండు పండగలు పోలేకపోయింది. గుట్ట చుట్టుపక్కల భూములన్నీ అమ్ముడుపోతున్నాయి, వచ్చే ఏడాదికి పైకి దారి ఉంటుందో ఉండదో అని పోయిన ఆదివారం చర్చిలో అయ్యగారు చెప్పినప్పటినుంచి ఆవిడ ఒకటే పాట: "ఒక్కసారి నన్ను ఆ బండమీద కూసోబెట్టు ప్రభూ, ఇగ నేనేం అడగ."

ఆటోలో కూర్చోవడం ఆవిడ వల్ల కాదు. వేరే కార్లలో కాలు మడత పడదు. మారుతిలో ముందు సీటు వెనక్కి జరిపి, ఆవిడ కొలతకు చెక్క చిత్రిక పట్టి, నడుముకు ఆనుకునేలా ప్రభుదాస్ తన చేతుల్తో ఆసనం చేశాడు. ఫ్యాక్టరీవాళ్లు రిటైర్మెంటుకు ముందుగానే ఇంటికి పంపేశాక ఈ రెండేళ్లలో ఆయన సంతోషంగా చేసిన పని అదొక్కటే.

"నన్ను తిట్టండి," అంది సుగుణ.

"తిడితే గీతలొస్తయా?"

"పోనీ మాట్లాడండి."

ఆయన రెండు మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, మెరిసిపోతున్న ఇంజన్ వంక చూస్తూ కూర్చున్నాడు. ఈ మౌనం సుగుణకు కొత్త కాదు. ఎనిమిది నెలల కింద కూతురు మెర్సీ, మధు అనే హిందూ అబ్బాయిని రిజిస్టరాఫీసులో పెళ్లి చేసుకుని వచ్చిన రోజున, "ఇగ నా గడప తొక్కకు" అని ఒకే ఒక్క మాట అని, ఇలాగే ఇదే మెట్టు మీద కూర్చున్నాడు. అప్పటినుంచి కూతురి పేరు ఆ నోట రాలేదు. ఆమె కంచం మాత్రం రోజూ తీసి తుడిచి మళ్లీ పెట్టేవాడు, ఎవరూ చూడట్లేదనుకుని.

"కరివేపాకు తెస్తానండీ," అని సుగుణ చెప్పులు వేసుకుంది. పెరట్లో కరివేపాకు చెట్టు ఉంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, అయినా అడగలేదు.

సందు మొదట్లో ఫోన్ బూత్. సుగుణ మాదాపూర్ నంబరు నొక్కింది.

"మమ్మీ! పొద్దున్నే ఏంటి? నానమ్మకు బాలేదా?"

"నానమ్మ బాగానే ఉందే. నేనే... ఇంజన్ తుడిచాను."

అవతల మెర్సీ నవ్వడం మొదలుపెట్టింది. "స్పిరిట్‌తోనా?"

"నవ్వకే. మీ డాడీ రాయిలా కూర్చున్నారు. నానమ్మ రేపు గుట్టకు పోలేకపోతుంది. నా వల్లే."

నవ్వు ఆగిపోయింది. "మధు లేడు మమ్మీ. సైబర్ టవర్స్‌లోనే పడుకుంటున్నాడు దాదాపు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తారీఖులు తప్పుతాయట, అవి సరిచేసే పని. వాడికి శనివారమూ లేదు, ఆదివారమూ లేదు." కాస్త ఆగింది. "మామయ్యగారు ఉన్నారు. ఊళ్లో ఎవరి ఆయిలింజన్ ఆగినా, ట్రాక్టర్ ఆగినా ఆయనే విప్పుతారట. పంపించనా?"

"అమ్మో! మీ మామగారా? మీ డాడీకి ఏమని చెప్పను?"

"నీ ఇష్టం."

"నువ్వు కూడా రావే."

"నన్ను రమ్మనలేదు కదా."

"నేను రమ్మంటున్నాను."

"నువ్వు కాదు మమ్మీ," అంది మెర్సీ. ఆ మాటలో కోపం లేదు.

గంట గడిచేసరికి గేటు ముందు ఆటో ఆగింది. తెల్ల పంచె, భుజాన తుండు, దారం కట్టి మెళ్లో వేసుకున్న కళ్లద్దాలు. మెర్సీ మామగారు తిమ్మప్పను సుగుణ ఫోటోలో మాత్రమే చూసింది. ప్రభుదాస్ అదీ చూడలేదు. పెళ్లి ఫోటోలు వచ్చిన కవరు ఆయన ముట్టుకోలేదు.

"ఎవరు?" అన్నాడు ప్రభుదాస్ లేచి నిలబడి.

ఇంత తెలివైన మనిషికి ఆ క్షణాన బుర్ర పనిచేయలేదు. "ఓదెలు పంపిన మేస్త్రీ అండీ!" అనేసింది సుగుణ.

తిమ్మప్ప ఆమె మొహం చూశాడు, ఆయన మొహం చూశాడు. "అవున్సార్," అన్నాడు. చెప్పులు విప్పి, నేరుగా వరండాలోకి పోయి, బుచ్చమ్మ మంచం ముందు వంగి దండం పెట్టాడు. ఆవిడ ఏదో గొణిగింది, ఆయన ఏదో జవాబు చెప్పాడు. సుగుణకు వినపడలేదు గానీ ముసలావిడ కళ్లు తుడుచుకోవడం మాత్రం కనపడింది. తర్వాత ఆయన కారు దగ్గరికి వచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని, ఇంజన్ లోపలికి తొంగిచూశాడు.

"యాభై ఇంజన్లు విప్పినాను గానీ ఇంత శుద్ధంగా ఉండేదాన్ని చూడలేదు. ఎవరు తుడిచినారు సార్?"

"నా భార్య," అన్నాడు ప్రభుదాస్ పళ్లు బిగించి. "గీతలతో సహా."

"ఏం గీతలు?"

ప్రభుదాస్ చెప్పాడు. తిమ్మప్ప తల ఊపుతూ విన్నాడు. తర్వాత పైచక్రం మీద బొటనవేలు ఆనించి, మెల్లగా తిప్పుతూ ఒకచోట ఆపాడు.

"ఈడ చూడండి. చుక్క."

ప్రభుదాస్ వంగాడు. చక్రం అంచున ఆవగింజంత గుంట, సూదిమొనతో పొడిచినట్టు.

"కంపెనీవాళ్లు కొట్టింది సార్ ఇది. దీనికెదురుగా ఇంజన్ మీద ఈ గీత. కిందిచక్రానికీ ఇట్లాంటిదే ఉండాది. మురికిలో మునిగిపోయుంటే మీకెట్ల కనపడతాది? మీ గీతలు పోతే పోయినాయి, వాళ్ల గీతలు బయటపడినాయి. తుడిచిన తల్లికి దండం పెట్టల్ల."

ప్రభుదాస్ భార్య వంక చూశాడు. మీసం కొస కొంచెం కదిలింది. అది నవ్వో కాదో ఇరవై ఏడేళ్ల కాపురం తర్వాత కూడా సుగుణ తేల్చుకోలేకపోయింది.

"దండాలు తర్వాత," అన్నాడు. "ముందు పని కానియ్."

తిమ్మప్ప పైచక్రం చుక్కను గీతకు కలిపి ఆపాడు. కిందిదాన్ని చుక్కను మాత్రమే నమ్మి బిగించొద్దని, లోపల పిస్టన్ పైకి వచ్చిందని రూఢి చేసుకోవాలని చెప్పి, మొదటి ప్లగ్గు విప్పించాడు. ఆ రంధ్రంలోకి సన్నటి పుల్ల ఏదైనా దించితే, పిస్టన్ పైకి వచ్చేకొద్దీ పుల్ల లేస్తుంది.

"ఊదొత్తి పుల్ల ఉంటే ఇయ్యి తల్లీ."

"మా ఇంట్లో ఊదొత్తులు ఉండవండీ," అంది సుగుణ.

తిమ్మప్ప నాలిక కరుచుకున్నాడు. ప్రభుదాస్ ఇద్దరినీ మార్చిమార్చి చూశాడు. సుగుణ పరుగున పోయి స్వెటర్లల్లే సూది తెచ్చింది. దాన్ని రంధ్రంలో నిలబెట్టి రెండువేళ్లతో తేలిగ్గా పట్టుకోమన్నాడు తిమ్మప్ప. ప్రభుదాస్ పానాతో కిందిచక్రాన్ని తిప్పాలి.

"మెల్లగా సార్. ఏమన్నా తగిలినట్టుంటే బలవంతం చెయ్యొద్దు."

"వస్తోంది," అంది సుగుణ. "వస్తోంది... ఇంకొంచెం... ఆఁ, ఆగింది."

"పక్కాగనా?"

"నాడి చూసే చెయ్యండీ ఇది."

కిందిచక్రం చుక్క సరిగ్గా దాని గీత ముందు నిలబడి ఉంది. ప్రభుదాస్ ఊపిరి వదిలాడు. పొద్దుటినుంచి ఆయన భుజాలు కిందికి దిగడం సుగుణ అప్పుడే చూసింది.

కొత్త బెల్టు ఎక్కించడం మొదలుపెట్టారు. పళ్లలో పళ్లు కూర్చోబెడుతూ, చెమట కారుతున్న ఇద్దరు మగాళ్లు ఒకే బానెట్ కింద తలలు దూర్చారు. సుగుణ వంటింటి కిటికీ దగ్గర ఉప్మాకు ఉల్లిపాయలు తరుగుతూ చెవులు రిక్కించింది.

"ఏ ఊరు మేస్త్రీ నీది?"

"అనంతపురం తట్టు సార్."

పానా చప్పుడు ఆగింది. మళ్లీ మొదలైంది.

"పిల్లలు?"

"ఒగడే కొడుకు. ఈడనే కంప్యూటర్ల పని."

"పెండ్లయిందా?"

"అయింది సార్."

ఉల్లిపాయ మీద కత్తి నిలబడిపోయింది. సుగుణ దేవుణ్ని తలుచుకుంది.

"కోడలు ఎట్లుంటది?" అన్నాడు ప్రభుదాస్. మొహం ఇంజన్‌లోనే ఉంది.

"బంగారం సార్. నాకు మజ్జిగలో ఉప్పెంత కావాల్నో నా కొడుక్కు తెలీదు, ఆ పాపకు తెలుసు. కానీ ఆదివారమొస్తే చాలు. ప్రార్థనకు పోయొచ్చి, ఆ తలుపు తట్టు చూస్తా కూచుంటాది. ఎవరో వస్తారన్నట్టు. నేనేమీ అడగను. అడిగితే ఏడుస్తాదని భయం."

పానా రెండు చుట్లు తిరిగింది.

"ఆ పిల్ల తండ్రి ఎసుంటోడట?"

"నేను చూడలేదు సార్. చేతిపని మనిషంట. చెడ్డోడేం కాదంట. ఆ పాప ఎప్పుడూ చెడ్డగా చెప్పలేదు. ఒగ మాట జారినాడంట, దాన్ని వెనక్కి తీసుకునేది ఎట్లనో తెలీక కూచున్నాడంట."

"ఆమె చెప్పిందా, నువ్వంటున్నవా?"

"ఆ బోల్టు ఇంగ అరచుట్టు బిగించండి సార్," అన్నాడు తిమ్మప్ప.

ప్రభుదాస్ బిగించాడు. ఇంజన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి చూశారు. రెండు చుక్కలూ మళ్లీ వచ్చి రెండు గీతల ముందే నిలబడ్డాయి. ఇద్దరూ ఒకేసారి "ఆఁ" అన్నారు.

సుగుణ రెండు ప్లేట్లలో ఉప్మా తెచ్చింది. ఇవాళ శనివారం ఒక్కపొద్దు, అన్నం ముట్టను, పలారమైతే తింటాను అని తిమ్మప్ప మొహమాటపడుతూ ప్లేటు అందుకున్నాడు. ఇద్దరూ మెట్ల మీద పక్కపక్కనే కూర్చున్నారు.

"సుగుణా, బావగారికి ఇంకొంచెం పెట్టు," అన్నాడు ప్రభుదాస్.

గరిటె జారి మెట్టు మీద ఖంగుమంది. తిమ్మప్ప నోటి దగ్గర ముద్ద ఆగిపోయింది.

"ఎప్పుడు తెలిసిందండీ?" అంది సుగుణ, గరిటె తీసుకుంటూ.

"వచ్చీ రాంగనే. మేస్త్రీ అయితే ముందు బండి తానికి పోతడు. ఈయన ముందు మా అమ్మకు దండం పెట్టిండు." ప్రభుదాస్ తిమ్మప్ప వైపు తిరిగాడు. తల ఎత్తలేకపోయాడు. "నువ్వూ గివ్వూ అని పిలిచిన. మనసుల పెట్టుకోకండి బావగారూ."

"బంధుత్వం కలిసినాక ఎట్ల పిలిస్తే ఏముందప్పా!" అన్నాడు తిమ్మప్ప. ఆయన కళ్లు చెమర్చాయి, అది దాచడానికి ఉప్మా గబగబా తిన్నాడు.

ఇక తాళం తిప్పాలి. మొదటిసారి ఇంజన్ ముక్కింది. రెండోసారి దగ్గింది. మూడోసారి అందుకుని, వణికి, సర్దుకుని, మెత్తగా నడవడం మొదలుపెట్టింది. సుగుణ చంటిపిల్లలా చప్పట్లు కొట్టింది. ప్రభుదాస్ స్టీరింగు మీద తల ఆనించి ఆ చప్పుడు విన్నాడు. రెండేళ్ల కింద ఇంటికి పంపేసిన రోజునుంచి ఆ మొహంలో ఇంత వెలుగు ఆవిడ చూడలేదు.

"విన్నవా అమ్మా?" అని కేకేశాడు. ఆ కేక వీధి చివరిదాకా వినపడింది. "రేపు నాలుగింటికి తయారుండు! గుట్టకు పోతున్నం!"

"బండి నడిచింది, దేవునికి స్తోత్రం," అంది బుచ్చమ్మ. "నేనైతే రాను."

కారు నడుస్తూనే ఉంది. ముగ్గురూ వరండా వైపు తిరిగారు.

"ఏందమ్మా? వారం సంది గదే పాట గదా!"

"గుట్ట మీద నన్ను రెండు రెక్కలు పట్టి కూసోబెట్టేదెవరు? ఒక పక్క నువ్వు. ఇంకో పక్క?"

"సుగుణ ఉన్నది."

"సుగుణది ఒకళ్లను మోసే వయసా? ఒక పక్క నువ్వు, ఒక పక్క మెర్సీ. అట్లయితే వస్త. లేకుంటే మీరిద్దరే పోయి రండి. నాకు మంచమే మంచిగున్నది." ఆవిడ బైబిలు తెరిచి, కళ్లద్దాలు లేకుండానే చదవడం మొదలుపెట్టింది.

తిమ్మప్ప తుండు భుజాన వేసుకున్నాడు. "నేను పోయొస్తా బావా. ఆటో దొరుకుతాది."

"ఆటో ఎందుకు?" ప్రభుదాస్ తలుపు తెరిచి పట్టుకున్నాడు. "బండిని నడిపి చూడాలె గద. ఎక్కండి, దిగబెడత." తర్వాత భార్య వైపు చూడకుండా అన్నాడు, "పక్కింటామెను అమ్మ తాన కూసోమని చెప్పి నువ్వు గూడ రా. అక్కడ నాకు నోరు రాదు. నువ్వుంటే జర ధైర్యం."

పెళ్లయ్యాక ఆయన ఇలా అడగడం ఇదే మొదటిసారి. సుగుణ కొంగు సర్దుకుని ఎక్కింది.

కొండాపూర్ దాటాక రోడ్డు కొత్తగా, వెడల్పుగా ఉంది. ప్రభుదాస్ మాత్రం నలభై దాటకుండా, ప్రతి చప్పుడూ వింటూ నడిపాడు. మాదాపూర్‌లో తిమ్మప్ప చూపిన సందులో, మూడంతస్తుల ఇంటి ముందు ఆపాడు. ఇంజన్ ఆపలేదు.

"పోండి," అన్నాడు స్టీరింగు పట్టుకుని.

తిమ్మప్ప దిగాడు. సుగుణ దిగలేదు. "మీరు దిగండి," అంది.

"పిలువు నువ్వే."

"నేను పిలిస్తే రాదండీ. పొద్దున పిలిచాను."

ఈలోపు ఆ కారు చప్పుడు పైకి పోయింది. చిన్నప్పటినుంచి విన్న చప్పుడు. పై వరండాలో మెర్సీ తల కనపడింది, మాయమైంది. మెట్ల మీద పరుగు వినపడింది. కింద గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆ పరుగు నడక అయింది. చేతికి పిండి అంటుకుని ఉంది. ఆమె ప్రభుదాస్ కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"బాగైందా డాడీ?"

"అయింది." సుగుణ వైపు చూశాడు, మళ్లీ కూతురి వైపు చూశాడు. "రేపు గుట్టకు... నానమ్మను ఒకపక్క పట్టుకోవాలె. నువ్వు... వస్తవా?"

ఇన్ని నెలలుగా ఆ ఒక్క మాట కోసం ఎదురుచూసిన పిల్ల తలుపు తీసి ఒళ్లో పడుతుందనుకుంది సుగుణ. మెర్సీ తలుపు పిడి మీద చెయ్యి వేసింది గానీ తియ్యలేదు.

"ఒక్కదాన్నే రాను డాడీ," అంది. "మధు కూడా వస్తేనే."

తిమ్మప్ప పక్కకు తిరిగి నిలబడ్డాడు. సుగుణ వెనక సీటు అంచు గట్టిగా పట్టుకుంది. ప్రభుదాస్ చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. గేరు వేస్తాడా, వెనక్కి తిప్పుతాడా? పొద్దుటినుంచి ఇంతమంది కలిసి నడిపించిన ఇంజన్ చప్పుడు తప్ప ఆ సందులో ఇంకేమీ వినపడలేదు.

ఆయన చెయ్యి తాళం మీదికి పోయింది. ఇంజన్ ఆపేశాడు.

"మధు ఆఫీసునించి ఎన్ని గంటలకొస్తడు?" అని అడిగాడు.

"తెలీదు డాడీ. ఒక్కోరోజు రానే రాడు."

"కూసుంట," అన్నాడు ప్రభుదాస్, తలుపు తెరుచుకుని.